పన్నెండు పాఠాల పితికిపప్పు

ఈ సంగతి నేను రాసిపెట్టకపోతే మా ప్రార్థన మందిరంలో ఇప్పటికీ తిరుగుతున్న కథే నిజమైపోతుంది. ఆ కథలో, మొదటిసారి వాక్యం చెప్పడానికి నిలబడి నేను ఏడ్చేశానని ఉంది. నేను ఏడవలేదు. నా ఎదురుగా ఉల్లిపాయలు తరుగుతున్నారు, అంతే. మందిరంలో ఉల్లిపాయలు ఎందుకు తరిగారన్నదే అసలు కథ.

ఆ రోజుల్లో, అంటే మా పొలాల మీద సోలార్ పలకలు కొత్తగా పరుచుకున్న రోజుల్లో, నాకు రెండు గర్వాలు ఉండేవి. ఒకటి, ఆ పలకలు కడిగే ఉద్యోగం. రెండోది, కర్ణాటకలో ఉన్న మా పావగడ గ్రంథాలయంలో మూలనున్న తెలుగు బీరువా మొత్తం చదివేశానన్నది (మిగతా బీరువాలన్నీ కన్నడవి, వాటి మాట నేను ఎత్తేవాణ్ణి కాదు). మా నాయన ఒకప్పుడు గొర్రెలు కాచినవాడు, తర్వాత వేరుశనగ వేసి, మధ్య సాళ్లలో అనపలు చల్లినవాడు. పొలం లీజుకు పోయాక ఆయన చేతులకు పని లేకుండా పోయింది. అనపలు కూడా మా పెరట్లోకి, అమ్మ వేసిన నాలుగు పాదుల్లోకి వచ్చి చేరాయి. ఆదివారం నన్నూ అమ్మనూ బండి మీద మందిరం దగ్గర దింపి, నాయన బయట వేపచెట్టు కింద కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, “మీ దేవుడితో నాకేం తగాదా లేదప్పా. ఈడ గాలి బాగుండాది” అనేవాడు. అమ్మ ప్రతివారం తన పక్కన చాపలో కొంచెం చోటు వదిలి కూర్చునేది. ఆ చోటు నిండాలన్నది ఆమె కోరిక. నా చదువుతో దాన్ని నేనే నింపుతానన్నది నా ధీమా.

అందుకే, వచ్చే ఆదివారం యువకుల్లో ఎవరు వాక్యం చెబుతారని పాస్టరయ్య అడగడం పూర్తికాకముందే నా చెయ్యి లేచింది. విషయం కూడా నాయన కోసమే ఎంచుకున్నాను. అనపగింజలు నానబెట్టి, తొక్క పితికి చేసే పితికిపప్పు అంటే ఆయనకు ప్రాణం. వారమంతా నోటుబుక్కులో అనపకాయ నుంచి విశ్వాసి నేర్చుకోవలసిన పాఠాలు పన్నెండు రాశాను. కాయలో మూడు గింజలు త్రిత్వానికి గుర్తు (నాలుగు గింజల కాయలను చడీచప్పుడు లేకుండా కూరగిన్నెలో వేసేశాను). వేళ్లలోని బుడిపెలు గాలిలోని నత్రజనిని దాచినట్టు విశ్వాసి రహస్య ప్రార్థనను దాచుకోవాలి (ఇది గ్రంథాలయం చలవ). మంచుకు కాయ మీద పట్టే సొగడు, అంటే ఆ జిడ్డు వాసన, కాయ వలిచిన వేళ్లను వదలనట్టు భక్తి మనిషిని వదలకూడదు. పైతొక్క పాత స్వభావం. ఇక తొమ్మిదో పాఠం: రాత్రంతా నానినా తొక్క వదలని గింజ కఠిన హృదయం, దాన్ని ఏరి పారేయవలసిందే. దీని కింద రెండు గీతలు గీశాను. ఎవరి కోసమో చెప్పనక్కర్లేదు. ఆ మాట దగ్గర గొంతు పెంచి, కిటికీలోంచి వేపచెట్టు వైపు చూడాలని కూడా అనుకున్నాను.

శనివారం సాయంత్రం అమ్మను గుప్పెడు గింజలు నానబెట్టమన్నాను. మందిరంలో వంట చేస్తావా అని అడిగింది. వంట కాదు, దృష్టాంతం అన్నాను. ఆమెకు ఆ మాట ఎలా అర్థమైందో తెలియదు, పెద్ద బేసిన్ నిండా నానబెట్టింది.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికీ పళ్లాల్లో గింజలు పంచి, నేను చెప్పినప్పుడు ఒక్క గింజ మాత్రమే పితకండి అన్నాను. నా తప్పు అక్కడే ఉంది. మా వైపు నానిన అనపగింజలు ముందుకొస్తే ఎవరూ ఆగరు. చుట్టూ కూర్చోవాలి, పితకాలి, మాట్లాడాలి. నేను త్రిత్వం దగ్గర ఉండగానే పితుకుడు మొదలైంది. మొదలుపెడితే ఆపదు గనుక రేడియో అవ్వ అని పిలిచే పెద్దావిడ నా చేతిలోని కాయను చూసి, “నాలుగు గింజల కాయలు యాడ పెట్టినావు నాయనా? మీ పెరట్లో అవే గదా ఎక్కువ” అంది. నత్రజని దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లంతా బేసిన్ చుట్టూ చేరారు. ట్యాంకరు ఎందుకు రాలేదో, ఎవరి కోడలికి నెల తప్పిందో మాట్లాడుకుంటున్నారు. పాస్టరయ్య కూడా చొక్కా చేతులు పైకి మడిచి ఒక పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. నేను నోటుబుక్కులోకి తల దించి, వినేవాళ్లు లేకపోయినా చదువుకుంటూ పోయాను.

ఎనిమిదో పాఠం దగ్గర తలెత్తితే గుమ్మంలో చెప్పులు విడుస్తూ నాయన కనిపించాడు. ఎవరూ పిలవలేదు. తిన్నగా వచ్చి అమ్మ పక్కన, ఆ ఖాళీ చోట్లో కూర్చుని బేసిన్‌లో చెయ్యి పెట్టాడు. ఆయన వేళ్లు అంత చురుగ్గా కదలడం పొలం పోయాక నేను చూడలేదు. అమ్మ కొంచెం జరిగింది.

నేను మాత్రం బుద్ధిలేకుండా తొమ్మిదో పాఠం ఎత్తుకున్నాను. “నానినా తొక్క వదలని గింజను ఏరి పారేయవలసిందే” అన్నాను.

నాయన తలెత్తలేదు. చేతిలో జారని గింజ ఒకటి ఉంది. “పారేయొద్దురా,” అన్నాడు. “ఇది ముదురుది. ఇంకో పూట నీళ్లల్లో ఉండనీ. అదే వస్తాది.” దాన్ని మళ్లీ నీళ్లలో వేసి ఇంకోటి తీసుకున్నాడు.

పాస్టరయ్య నావైపు చూశాడు. నేను నోటుబుక్కు మూసేశాను. పితికిన పప్పు అక్కడే వండేద్దామని రేడియో అవ్వ ఉల్లిపాయలకు మనిషిని పంపింది.

నాయన బాప్తిస్మం తీసుకోలేదు. కానీ ఏటా అనపల కాలంలో ఆదివారాలు లోపల కూర్చుంటాడు, మిగతా కాలమంతా వేపచెట్టే. ఎప్పుడు మారతాడని ఎవరైనా అడిగితే అమ్మ నవ్వి, “ఇంకో పూట” అంటుంది.

గుప్పెడు అడిగితే బేసిన్ నానబెట్టిన అమ్మకు, నా గింజల లెక్క బయటపెట్టిన రేడియో అవ్వకు, ఆ రోజు ఇక వేరే వాక్యం అక్కర్లేదన్న పాస్టరయ్యకు, నత్రజని పుస్తకం గడువు దాటినా ఏమీ అనని గ్రంథాలయం మేడమ్‌కు, నాయనకు నా కృతజ్ఞతలు. ఆయన మాటను తొమ్మిదో పాఠం పక్కన పెన్సిలుతో రాసుకున్నాను. ఆ పేజీ తిప్పినప్పుడల్లా, ఇస్త్రీ చొక్కాలో గొంతు సవరించుకుంటున్న ఆ కుర్రవాడు కనిపిస్తాడు. పాపం, వాడూ అప్పటికి ఇంకా నానలేదు.