దారం ఆ కొస ఎవరు పట్టుకున్నారు

ఇది జరగలేదంటే నా నాలిక పడిపోనీ. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండప్పా... తర్వాత నవ్వు రాదు. అర్ధరాత్రి కాదు, శ్మశానమూ కాదు. రాత్రి ఎనిమిది కూడా కాలే. ఎమ్మిగనూరులో, మా ఇంట్లో, నా పెండ్లాం పక్కనే ఉండాదని నేను అనుకుంటాండంగా జరిగింది.

మా నాయన ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు పోయినాడు. మగ్గం మీద చీర సగంలో వదిలిపెట్టి పోయినాడు. మాది గుంత మగ్గం. గుంతలోకి కాళ్లు దించి కూర్చొని నేసేది. నాకు ఆ పనికి చేయి తిరగలే. బట్టల మూట భుజాన వేసుకొని పెద్దకడుబూరు, కౌతాళం దిక్కు పల్లెలు తిరిగి అమ్ముకొచ్చేవాణ్ని. నడిచి నడిచి మోకాళ్లు చెంబుల్లాగా వాచినాయి. ఇట్లే నడిస్తే ఏడాదిలో మంచం ఎక్కుతావన్యాడు డాక్టరు. సైకిల్ ఉంటేనే నాకు బతుకు. లేకుంటే ఇంట్లో ముగ్గురమూ పస్తే.

సైకిల్ పెట్టేదానికి జాగా యాడిది? వీధిలో పెడితే తెల్లారేసరికి ఉండదు. మా సందులో ఆ ఏడే రెండు పోయినాయి. ఇంట్లో మగ్గం గుంజకూ ఎనక గోడకూ నడుమ కొంచెం ఖాళీ ఉండాది. ఆడ పట్టకుంటే మగ్గం తీసేయాల. ఆ మాట ఎత్తితే మా యమ్మ మీదికొచ్చేది. "నేసేది సగంలో ఉండంగా మగ్గం కదిపితే, పోయినోనికి నిలకడ ఉండదురా. నా పీనుగు లేసినాక తీసుకో పో" అనేది. రెండేండ్లు ఆ సగం చీర మీద దుప్పటి కప్పి పెట్టింది.

ఆ పొద్దు ఆదోనికి పోయినా. అంగట్లో కొత్త సైకిల్ ఒకటే ఉండాది. నల్లగా నిగనిగలాడతా... కొత్త రబ్బరు వాసన. ఇంకొకాయన కూడా అడిగిపోయినాడంట. "రేపు మొదటి బస్సుకు రా. రాకుంటే ఆయనకు ఇచ్చేస్తా" అన్యాడు అంగడాయన. ఇంట్లో పడుతుందో లేదో కొలుద్దామంటే టేపు ఎవరి దగ్గరుంది? నేసేవాళ్ల ఇంట్లో పుట్టినోనికి దారమే టేపు. మూట కట్టేదానికని జేబులో పడుగు దారం ఉండ ఎప్పుడూ ఉంటుంది, గంజి పెట్టిన గట్టి దారం. ముందు చక్రం నుంచి ఎనక చక్రం దాకా పట్టి, ఆడ ముడి వేసినా. నాలుగు మూరల నాలుగు వేళ్లు.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. అన్నం కూడా తినలే. "సావిత్రీ, ఈ కొస పట్టుకొని గోడకు ఆనించు" అన్నా. నా పెండ్లాం మగ్గం అవతలి పక్కగా దూరి గోడ కాడికి పోయింది. నేను ఈ పక్క గుంజ కాడ గొంతుక్కూర్చున్నా, దారం ఉండ ఒళ్లో పెట్టుకొని. ఇంకా బిగించి పట్టనే లేదు...

కరెంటు పోయింది.

మా ఇంట్లో చీకటంటే, కన్ను తెరిసినా మూసినా ఒకటే. "కదలొద్దు, పట్టుకొనే ఉండు" అన్నా. దారం నా వేళ్లల్లో బిగుసుకుంది. సరే, పట్టుకొనే ఉండాదిలే అనుకున్నా.

"గోడకు ఆనించినావా?"

పలకలే. దారం మాత్రం... సర్ర్... మని జారింది. మెల్లగా. ఒక జాన... ఇంకొక జాన...

వేలికి ముడి తగిలింది.

ముడి దాకా వచ్చిందంటే సైకిల్ పట్టినట్టే గదా! నాకు పానం లేచొచ్చింది. "పడుతుందే! సైకిల్ పడుతుందే!" అని అరిచినా. మా యమ్మ బయట అరుగు మీద కూర్చొని ఉండాది, ఆమెకు వినపడాలనే గట్టిగా అరిచినా.

ముడి నా వేళ్లు దాటి పోయింది.

ఇంకొక జాన. ఒళ్లో ఉండ దొర్లతాండాది... ఇంకొక మూర...

ఆ పక్క గోడ ఉండాది గదప్పా. దారం గోడలోకి పోతాందా?

"సాలు, ఆపు" అన్నా. ఆగింది. లోపల భయం మొదలైనా, తమాషాకి అన్నట్టు అడిగినా... "ఇంక సైకిల్ తెచ్చుకోవచ్చునా?"

"ఊఁ."

గోడ కాడి నుంచి కాదు. నా మోకాలి కింద నుంచి. మగ్గం గుంతలో నుంచి.

అప్పుడే నా ఎనక ఎలుతురు వచ్చింది. తిరిగి చూస్తే... వంటింటి గడపలో సావిత్రి. చేతిలో బుడ్డి దీపం.

"అగ్గిపెట్టె దొరకలేదయ్యా. ఎవరితో మాట్లాడతాండావు?"

"నువ్వు... దారం..."

"కరెంటు పోతానే కింద పడేసి వచ్చినా గదా."

దారం ఇంకా బిగువుగానే ఉండాది. నేను చూసినా. ఆమె కూడా చూసింది. ఇద్దరమూ చూస్తాండంగానే... తటుక్కున వదులైంది.

దీపం పెట్టుకొని మళ్లీ కొలిచినాము. జాన తక్కువ. సైకిల్ పట్టదు. దారం కొస గుంతలో పడి ఉండాది, మా నాయన కాళ్లు పెట్టుకునే చోట. ఎలుక లాగిందంటారా? గంజి దారమంటే ఎలుకలకు పానం, ఒప్పుకుంటా. ఎలుక "ఊఁ" అంటుందా మరి?

మా యమ్మ ఎప్పుడు లోపలికి వచ్చిందో, గోడకు ఆనుకొని నిలబడింది. ఏమైంది అని అడగలే. "ఏమన్యాడు?" అనింది. జరిగింది జరిగినట్టు చెప్పినా. ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది. "మీ నాయన గొంతేనా? సరిగ్గా సెప్పు నాయనా."

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదప్పా...

మా నాయనది బొంగురు గొంతు. బీడీలు తాగి తాగి గరగరలాడేది. ఆ "ఊఁ" సన్నగా ఉండాది. మొగదో ఆడదో తెలీలే. చిన్నప్పటి నుంచి విన్న గొంతు, నాకు తెలీదా? మా నాయనది కాదు. కానీ పొద్దున మొదటి బస్సు... మోకాళ్లు... ఆ నల్ల సైకిల్...

"నాయనదేమ్మా" అన్నా.

మా యమ్మ ఏడ్చి ఏడ్చి, "ఆయప్పే ఒప్పుకున్నాక నాదేముంది" అనింది. తెల్లారక ముందే తన చేత్తోనే ఆ సగం చీర కోసి తీసింది. నేను మొదటి బస్సుకు పోయి సైకిల్ తెచ్చినా. మగ్గం విప్పి, గుంతలో మన్ను పోసి, దాని మీదే సైకిల్ నిలబెట్టినాము. మోకాళ్లు ఇప్పుడు బాగుండాయి. యాపారమూ బాగుంది. కానీ చీకటి పడినాక ఆ మూలకు నేను పోను. పొద్దున కూడా సైకిల్ బయటికి తెచ్చిచ్చేది సావిత్రే.

మా యమ్మకు మాత్రం భయం లేదు. రోజూ దీపం పెట్టే యాళకు ఆ మన్ను పక్కన కూర్చొని మాట్లాడుతుంది. "నేసింది సాలు లే, ఇంక కాళ్లు సాపుకో" అంటుంది. నవ్వుతుంది కూడా. అది వినలేక నేను లేసి అరుగు మీదికి పోతా. ఆడ ఉండేది మా నాయన కాదమ్మా అని చెప్పాల. చెప్తే, మరి మగ్గం ఎవరిని అడిగి తీసినావురా అంటుంది.

మొన్న అన్నం పెడతా పెడతా అడిగింది. "రే వీరేశా, మీ నాయన గొంతు ఎందుకురా అంత సన్నబడింది?"

ఏం చెప్పాలప్పా నేను... మీరైనా చెప్పండి.