పిడికెడు బియ్యంతో లేచిన గుడి

మా చిన్నప్పుడు... పొయ్యి మీద ఎసరు పెట్టంగనే మా నాయినమ్మ ఎస్తేరమ్మ ముందుగాల ఒక పిడికెడు బియ్యం తీసి పక్క కుండల ఏసేది. అది దేవుని పిడికెడు. ఇంట్ల నూకలే ఉన్నా సరే, అది తీసినంకనే మాకు.

కొడిమ్యాల దాటినంక రోడ్డు పక్కనుండే మా చర్చి... మేమైతే గుడి అనే అంటం... వాడ ఆడోళ్లు గట్ల తీసిన పిడికిళ్లతోనే లేచింది. అందరూ కూలికి పోయేటోళ్లే. నాయినమ్మ అత్తగారు గుట్ట నుంచి రాళ్లు నెత్తిన మోసిందట. రాతిగోడలు, పైన బెంగుళూరు పెంకలు.

నాకు పదేండ్లప్పుడు ఆ కప్పు కురుస్తుండె. దూలానికి చెదలు. గుడి కోసం కూడబెట్టిన పిడికెడు బియ్యం రెండు బస్తాలైనయ్. "అవి అమ్మి, వానలు ముదరకముందే దూలం మార్పియ్యన్నా" అని నాయినమ్మ రోజూ సంఘపెద్ద దావీదు తాత పానం తీసేది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. రోడ్డు మీదనే అందరూ వండుకొని తినే వంటావార్పు నిరసన పెట్టిండ్రు. మా ఊరి పెద్ద పటేల్ మెడల ఉద్యమం కండువాతోటి గుడి ముంగట నిలబడ్డడు.

"దావీదూ, మీ బియ్యం పంపు. తెలంగాణ రానియ్యి, నీ గుడికి స్లాబే ఏయిస్త."

తాత మురిసిపోయిండు. "పటేలే మన గుమ్మం దాకా అచ్చిండు, ఎస్తేరూ."

"గుమ్మం దాకనే గదనే అన్నా. లోపలికి రాలే."

బస్తాలు పోనే పోయినయ్.

తెల్లారి పొద్దుగాల, రోడ్డు మీది పొయ్యిల కాడ నాయినమ్మ కొంగు దోపుకొని బియ్యం కడుగబోయింది. పటేలమ్మ గంటె అడ్డం పెట్టింది. "నువ్వు జరుగు. కట్టెలు తెచ్చియ్యి, చాలు."

నాయినమ్మ పటేల్ దిక్కు తిరిగింది. "నా బియ్యానికి లేని మైల నా చేతికెక్కడిది పటేలా?"

"ఉద్యమం నడుస్తుంటే గిప్పుడెందుకే ముసలీ గివన్నీ" అని నవ్విండాయన. పక్కనోళ్లూ నవ్విండ్రు. దావీదు తాత కట్టెలు తేనీకి పోయిండు.

మా విస్తర్లు కల్వర్టు అవతల. అన్నం మాకు చెయ్యి తాకకుండ ఎత్తు నుంచి పడేసిండ్రు... నాయినమ్మ ముట్టలే. నేనైతే జై తెలంగాణ అని అరిచరిచి ఆకలైతుంటె మారు పెట్టించుకొని మరీ తిన్న.

నెల తిరగకముందే, ఓ బుధవారం వానకు దూలం ఇరిగింది. వెనుక గోడ కూడా కూలింది. లోపల ఎవ్వరూ లేరు కాబట్టి బతికినం.

తెలంగాణ వచ్చింది. పటేల్ మాట తప్పలే, స్లాబ్ ఏయించిండు. పాత గోడ రాళ్లు ట్రాక్టర్ ఎక్కి పటేల్ కోళ్ల షెడ్డు పునాదికి పోయినయ్. ఇప్పుడు క్రిస్మస్‌కు ఆయనే కేకు కోస్తడు. మావోళ్లే దండ ఏస్తరు, ముందు కుర్చీ ఏస్తరు. గ్రానైట్ పలక మీద బంగారు అక్షరాలతోటి... "నిర్మాణ దాత" అని ఆయన పేరు.

నాయినమ్మ చచ్చిపోయేదాకా ఆ గుమ్మం తొక్కలే. ఆదివారం మా అరుగు మీదనే కూసోని, కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకునేది. బతిమిలాడి తీసుకపోదామని ఒక్క సంఘపెద్ద కూడా రాలే.

ఇప్పుడు మా గుడి చల్లగ, తెల్లగ, ఏ చుక్కా కురవకుండ ఉంటది... నాకైతే అండ్ల ఊపిరాడది.

మీ ఊరి గుడి ఎవరు మోసిన రాళ్లతోటి లేచిందో మీ ఇంట్ల ముసలోళ్లను అడిగిండ్రా? వాళ్లుండంగనే అడుగుండ్రి... ఆ పేర్లు ఇక్కడ రాయుండ్రి.