సుద్దముక్క అంకె

కుమాసీలో పాత మైక్రోవేవ్ ఓవెన్లు బాగుచేసి ఇంటి వరండాలోనే అమ్ముకునే ఒపోంగ్, ప్రతిదాన్నీ ముందు నీళ్ళతో పరీక్షిస్తాడు. రెండు అరలీటరు నీళ్ళ ప్యాకెట్లు పంటితో చింపి గిన్నెలో పోసి, రెండు నిమిషాలు వేడిచేస్తాడు. నీళ్ళ వేడి పెరిగిన ఒక్కో డిగ్రీకి ముప్ఫై అయిదు వాట్ల చొప్పున లెక్కగట్టి, వచ్చిన అంకెను సుద్దముక్కతో ఓవెన్ తలుపు మీద రాసేసి, నడుం మీద చెయ్యేసుకుని లేస్తాడు. కొనేవాళ్ళు ఆ అంకె కంపెనీ అంటించిన చీటీ మీది వాట్లకన్నా తక్కువుండటం చూసి పెదవి విరిచి వెళ్ళిపోతారు. పోయిన వారం ఆ వీధిలోనే ఉండే సెర్వా కూడా అంతే. "చీటీ మీద తొమ్మిదొందలుంటే నువ్వు ఆరొందల ముప్ఫై రాశావేం మావయ్యా? పాడుచేసి అమ్ముతున్నావా?" అని దులిపేసి, పక్క వీధిలో తొమ్మిదొందల చీటీ తళతళలాడేదాన్ని కొనుక్కుపోయింది.

ఇవాళ దాన్నే నెత్తిన పెట్టుకొచ్చి వరండాలో దించింది. "వేరుశనగ పులుసు గోరువెచ్చన కూడా కావట్లేదు. దీన్నీ కొలువు."

ఒపోంగ్ ప్యాకెట్లు చింపాడు. పద్నాలుగు డిగ్రీలే పెరిగింది. అంటే నాలుగొందల తొంభై. అలవాటుగా సుద్దముక్క అందుకున్నాడు. సెర్వా గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"రాయకు మావయ్యా. తొమ్మిదొందలదని మా తోడికోడలి దగ్గర గొప్పలు చెప్పుకున్నాను."

ఒపోంగ్ సుద్దముక్క జేబులో వేసుకుని, వేడెక్కీ వేడెక్కని ఆ నీళ్ళతోనే మొహం కడుక్కున్నాడు.