ఏ మూతైనా తెరిచే వేలు

ఆమె కుర్చీ ఉత్తరపు కిటికీ పక్కన ఉంటుంది. అక్కడ వెలుతురు రోజంతా ఒకేలా, చల్లారిన పాలలా పరుచుకుంటుంది. నల్లటి ప్లాస్టిక్ మీద వెంట్రుకంత గీత ఉన్నా దాక్కోలేదు. ముందున్న బల్లకు ఒక ఇత్తడి రింగు బిగించి ఉంటుంది. కెమెరా లెన్సు మూతి ఎలా ఉంటుందో అలాగే, లోపల సన్నటి మరచుట్లతో. ఆమె ఎడమవైపు పెట్టెలోంచి ఒక మూత తీసి రింగు మీద పెట్టి నొక్కుతుంది. టక్. బొటనవేలు, చూపుడువేలు కలిపి పిండి తీస్తుంది. టక్. రెండో శబ్దం మొదటిదానికంటే కాస్త పొడిగా ఉండాలి. ఉంటే మూత కుడివైపు పెట్టెలోకి, లేకపోతే కాళ్ళ దగ్గరున్న బకెట్లోకి పోతుంది.

ఆ కార్ఖానాలో లెన్సు మూతలు తప్ప మరేమీ చేయరు. ఒక మూల యంత్రం ప్లాస్టిక్ గింజల్ని కరిగించి అచ్చులోకి తోస్తుంది. పక్కనే పొడవాటి కత్తిరింపు బల్ల. అంచుల వెంట మిగిలే పలచటి రేకుని అక్కడ నిలబడి కత్తితో గీకి తీస్తారు. ఆ తర్వాత స్ప్రింగులు బిగిస్తారు. చివరికి అన్నీ ఆమె దగ్గరికొస్తాయి. ఆమె వేలు ఒప్పుకున్నదే బయటికి వెళ్తుంది. అందుకే అందరూ ఆమెను బొటనమ్మ అంటారు. అసలు పేరు జీతాల రోజున మాత్రమే వినిపిస్తుంది. అప్పుడు కూడా ఆమె ఒక క్షణం ఆలస్యంగా లేస్తుంది.

పనిలో చేరినప్పుడు ఆమెది కత్తిరింపు బల్లే. కరిగిన ప్లాస్టిక్ వాసన జుట్టులోకి చేరేది, సాయంత్రానికి పాదాలు పొంగి చెప్పుల్లో పట్టేవి కావు. ఒకరోజు ఎవరూ అడగకుండానే కొన్ని మూతలు తీసి పక్కన పెట్టింది. అచ్చులు చెక్కేదీ, కార్ఖానా నడిపేదీ మేస్త్రే. ఆయన వచ్చి "ఇవెందుకు ఏరావు?" అన్నాడు.

"వీటి గొంతు బాగాలేదండీ."

మేస్త్రి వాటిని విప్పి చూస్తే స్ప్రింగులు వంకరగా కూచుని ఉన్నాయి. మర్నాడు కిటికీ పక్కన కుర్చీ వేయించాడు. భర్త పోయినప్పుడు సెలవు పెట్టిన రోజులు తప్ప ఆ కుర్చీ ఎప్పుడూ ఖాళీగా లేదు. అందులోనే ఆమె జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది.

మూత బతుకు ఒక రకమైన బతుకు. అది పని చేస్తున్నంతసేపూ కెమెరా గుడ్డిది. కెమెరా కళ్ళు తెరిచాక దానికి ఎక్కడా చోటు ఉండదు. జేబులో చిల్లర మధ్యకి పోతుంది, సీటు కిందికి దొర్లుతుంది, ఎవరి బల్ల మీదో మిగిలిపోతుంది. స్ప్రింగు వదులైతే సంచిలోనే ఊడి లెన్సుకి గీతలు తెస్తుంది. బిగువైతే తీసేవాడి సహనం తీస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న సన్నటి చోటుని కొలిచే పరికరం కార్ఖానాలో లేదు. బొటనమ్మ వేలే ఉంది.

ఆ ఏడు కొత్త మూత ఒకటి తయారవుతోంది. పాతవాటికి పిండే మీటలు అంచుల్లో ఉండేవి. లెన్సు ముందు ఎండ పడకుండా హుడ్ తగిలిస్తే, ఆ గొట్టంలోకి వేళ్ళు దూరి అంచుల్ని అందుకోలేవు. కొత్తదానికి మీటలు మధ్యకి వచ్చాయి. గీతలు గీసింది డిజైనర్ అమ్మాయి. వేళ్ళు ఆనే పల్లం ఇంకొంచెం లోతుగా ఉండాలేమోనని ఆ అమ్మాయి ఒకసారి అంది. లోతు పెంచితే మూత మందమవుతుంది. మేస్త్రికి అది ఇష్టం లేదు.

"బొటనమ్మకి వస్తోందిగా?" అన్నాడు.

బొటనమ్మ తీసి చూపించింది. టక్. అమ్మాయి గీతల కాగితం చుట్టేసింది.

అప్పటిదాకా మెత్తటి అల్యూమినియం అచ్చుతో నమూనాలే పోశారు. సోమవారం అసలు అచ్చుకి ఉక్కు చెక్కడం మొదలుపెట్టాలి. ఉక్కులో పడ్డ గంటు నోరు జారిన మాటలాంటిది, వెనక్కి రాదు. ఆ ముందు శనివారం బొటనమ్మ చివరిసారి నమూనాలన్నీ చూసి తల ఊపింది.

ఆదివారం ఆమె భోజనం అక్క ఇంట్లో. బావ ఫోటోగ్రాఫరు. పెళ్ళిళ్ళు, బడి వేడుకలు, పాస్‌పోర్టు మొహాలు, ఏది దొరికితే అది తీస్తాడు. వాడి చూడమని ఒక కొత్త నమూనా ఆమె ముందు వారమే ఆయనకిచ్చింది.

ఆమె గుమ్మంలో చెప్పులు విడవకముందే బావ అందుకున్నాడు. "రా మరదలా, రా. మీరు చేసింది మూతా, తాళమా? తాళమైతే తాళంచెవి కూడా చేతిలో పెట్టాల్సింది."

"ఏమైంది బావా?"

"ఏముంది, పరువు పోయింది. బళ్ళో పరుగు పందెం. గీత దగ్గర మోకాళ్ళ మీద కూచున్నా. పిల్లలు వచ్చేస్తున్నారు. నేనేమో మూత పట్టుకుని పిండుతున్నా, గిల్లుతున్నా, బతిమాలుతున్నా. రాదే! అది ఊడేసరికి అందరూ గీత దాటి నీళ్ళు తాగుతున్నారు."

"ఆ తర్వాత సంగతి కూడా చెప్పండి" అంది అక్క వంటింట్లోంచి. గొంతులో అప్పటికే నవ్వు పొంగుతోంది.

"చెప్తున్నాగా. హెడ్‌మాస్టరమ్మ ఫోటో కోసం అందర్నీ మళ్ళీ పరిగెత్తించింది. ఇందాక గెలిచినవాడికి ఆయాసం తీరలేదు, ఈసారి ఆఖర్న వచ్చాడు. ఇంకెవడో ముందొచ్చాడు. ఇప్పుడు ఆ తల్లీ ఈ తల్లీ ఇద్దరూ నా ప్రాణాలు తోడేస్తున్నారు. ఒకామెకి ఫోటో కావాలిట, ఇంకొకామెకి ఆ ఫోటో ఉండకూడదుట."

బొటనమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "మీ చేతుల సంగతి ఊరందరికీ తెలిసిందే బావా. అగ్గిపెట్టె ఇస్తే తలకిందులుగా తెరిచి పుల్లలన్నీ ఒలకబోస్తారు."

"పోనీలే, తప్పు నాదే. నువ్వు తియ్యి చూద్దాం."

హుడ్ తగిలించి ఉన్న కెమెరా అందించాడు. ఆమె రెండు వేళ్ళు గొట్టంలోకి వెళ్ళాయి, వచ్చాయి. టక్. మూత ఆమె అరచేతిలో ఉంది.

"అదీ సంగతి! ఈయన చేతికి కారప్పొడి డబ్బా మూతే రాదు, ఇదేం వస్తుంది" అంటూ అక్క తువ్వాలుతో చేతులు తుడుచుకుని వచ్చింది. మూత మళ్ళీ పెట్టించుకుని తనూ పట్టింది. రాలేదు. చెయ్యి మార్చి పట్టింది. వేళ్ళు మీటల మీంచి జారిపోతున్నాయి. అక్కకి పంతం ఎక్కువ, మొహం ఎర్రబడింది. మంచం మీదున్న అక్క అత్తగారు "ఇటివ్వండి, నా మందు సీసాలన్నీ నేనే తీసుకుంటాను" అని ఒళ్ళో పెట్టుకుంది. కాసేపయ్యాక తన చేతులకేసి చూసుకుని తిరిగిచ్చేసింది.

బొటనమ్మ తీసింది. టక్.

"అంత వేగంగా కాదే. మెల్లగా తియ్యి, మాకూ తెలియాలిగా" అంది అక్క.

ఆమె మెల్లగా తీసింది. రాలేదు. వేళ్ళు ఎక్కడ ఆనాలో చూసుకుని మరోసారి ప్రయత్నించింది. రాలేదు. కిటికీ వైపు చూస్తూ మామూలుగా తీసింది. వచ్చింది.

గదిలో నవ్వులు సన్నగిల్లాయి. బావ ఫోన్ తీసుకుని ఆమె చేతికి దగ్గరగా పెట్టాడు. "అలాగే, నన్ను పట్టించుకోకుండా తియ్యి" అన్నాడు. తర్వాత ఆ వీడియోని నెమ్మదిగా నడిపించాడు. నలుగురి తలలూ ఆ చిన్న వెలుతురు మీదికి వంగాయి.

తెర మీద ఎవరిదో చెయ్యి నీళ్ళ అడుగున కదులుతున్నట్టు కదిలింది. వేళ్ళు మీటల మీద ఆగాయి. పిండే ముందు బొటనవేలు పల్లం దాటి ఒక పక్కకి జరిగింది, నిద్రపోతున్న పిల్ల గడ్డం ఎత్తినట్టు మూతని ఆ పక్క కొంచెం పైకి లేపింది. ఆ తర్వాతే పిండింది. మూత తనంతట తను తెరుచుకోలేదు. వేలు దాన్ని ఊడదీసింది.

"ఇలా చేస్తానని నాకు తెలీదు" అంది బొటనమ్మ.

"బాగుంది మరదలా! నీ వేలు నీకు చెప్పకుండా వేరు కాపురం పెట్టింది" అన్నాడు బావ. ఎవరూ నవ్వకపోయేసరికి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

భోజనాల దగ్గర ఆమె తన బొటనవేలినే చూసుకుంటోంది. ఇన్నాళ్ళుగా ఏ మూతలో ఏ వంకర ఉన్నా, అది తన తలకి చేరేలోపే వేలు సర్దేసింది. మంచి మూత, చెడ్డ మూత దాని ముందు ఒక్కటే అయిపోయాయి. ఎప్పటినుంచి ఇలా ఉందో చెప్పే దారి లేదు.

"రేపు మేస్త్రికి చెప్తావా?" అన్నాడు బావ.

ఆమె బదులు అక్కే మాట్లాడింది. "ఏమని చెప్తుంది? నా చెయ్యి పనికిరాదు, నా కుర్చీ తీసుకోండనా? మళ్ళీ ఆ కత్తిరింపు బల్ల దగ్గర నిలబెడతారు. ఈ కాళ్ళతో నిలబడగలదా? మీ మూత రాకపోతే ఇంకోటి కొనుక్కోండి. చెప్పక్కర్లేదే చెల్లీ, నోరు మూసుకుని నీ పని నువ్వు చూసుకో. ఎవరికి తెలుస్తుంది?"

"ఉక్కు చెక్కేస్తారక్కా" అంది బొటనమ్మ.

"చెక్కుకోనీ. ఉక్కు నీదా?"

సోమవారం ఆమె వెళ్ళేసరికి ఉక్కు దిమ్మ బల్లకెక్కి ఉంది, నూనె రాసి, సాయంత్రపు చెరువులా మెరుస్తూ. మేస్త్రి కళ్ళకి అద్దాలు తగిలించుకుంటున్నాడు. డిజైనర్ అమ్మాయి కాగితాలు పట్టుకుని పక్కన నిలబడింది.

"మేస్త్రిగారూ, కాస్త ఆగండి. ఆ మూత రావడం లేదు."

"శనివారం వచ్చిందిగా? ఆదివారం ఏమైనా వేలు అరిగిందా?"

ఆమె జరిగింది చెప్పింది. మేస్త్రి నమూనా ఒకటి తీసుకుని, రింగుకి పెట్టి, ఒక్క లాగు లాగాడు. టక్.

"నాకూ వచ్చింది. మీ బావ సంగతి నాకు తెలుసులే."

"మీ చెయ్యి కూడా నా చెయ్యిలాంటిదేనండీ. ఆ అమ్మాయిని తీయమనండి."

డిజైనర్ అమ్మాయి మొహం వాడింది. మూత అందుకుంది, కానీ ప్రయత్నించలేదు. "నాకు మొదటినుంచీ రాదండీ" అంది నెమ్మదిగా. "నా గోళ్ళవల్లేమో అనుకున్నాను. బొటనమ్మగారు అంత సులువుగా తీస్తుంటే నాకు రాదని చెప్పడానికి సిగ్గేసింది."

సరుకు ఎత్తుకోవడానికి వచ్చిన బండి డ్రైవరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మేస్త్రి మూతని మళ్ళీ రింగు మీద నొక్కి అతన్ని పిలిచాడు. అతను మూతని అటూ ఇటూ తిప్పి "ఇది మర తిప్పాలా, లాగాలా?" అన్నాడు. కాసేపు పెనుగులాడి, విరుగుతుందేమోనని భయపడి, చెయ్యి తీసేశాడు.

మేస్త్రి అద్దాలు తీసి ఉక్కు దిమ్మ పక్కన కూచున్నాడు.

"మరి ఇన్నాళ్ళూ నువ్వు సరే అన్నవి?"

"తెలీదండీ."

యంత్రం ఒక మూతని విసిరింది, ఇంకో మూతని విసిరింది. బయట డ్రైవరు బండి తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"ఇప్పుడేం చేద్దామంటావు?"

ఆమె దారంతా ఆలోచించుకుని వచ్చినదాన్ని చెప్పింది. ఆ కుర్చీలో చెయ్యి తిరగని మనిషి కూచోవాలి. కొన్నాళ్ళకి ఆ చెయ్యి కూడా తిరుగుతుంది, అప్పుడు లేపేసి ఇంకొకరిని కూచోబెట్టాలి. గొంతు వినడం వేరే పని, దానికి కావాలంటే తనని పిలవచ్చు. తీసి చూడడానికి మాత్రం పిలవకూడదు.

"అంటే నీ కుర్చీ పోయినట్టే."

"పోయినట్టేనండీ."

"నీకు నేను నిలబడే పనే ఇవ్వగలను. ఇంకేం లేదు."

"తెలుసండీ."

డిజైనర్ అమ్మాయి పల్లం లోతు పెంచింది. మూత కొంచెం మందమైంది. మేస్త్రి గొణిగాడు, గొణుగుతూనే అల్యూమినియంలో మళ్ళీ పోశాడు. ఉక్కు దిమ్మ గుడ్డ కప్పుకుని వారాల తరబడి ఎదురుచూసింది.

కుర్చీలోకి కొత్తామె వచ్చింది. అంతకుముందు పూల దుకాణంలో దండలు కట్టిన మనిషి. వేళ్ళు చురుకైనవే కానీ మూతలు ఎరగవు. మొదటిరోజు ఒక మూత దగ్గర ఆగిపోయింది. చుట్టూ చూసి, కత్తిరింపు బల్ల దగ్గర ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్న బొటనమ్మ దగ్గరికి వచ్చింది.

"వదినా, ఇది రావట్లేదు. మీకు బాగా తెలుసటగా, కాస్త కిటుకు చెప్పరూ?"

బొటనమ్మ కత్తి పక్కన పెట్టి మూత అందుకుంది. దాన్ని తెరవలేదు. వెలుతురుకి పెట్టి, చెవి దగ్గర ఆడించి, స్ప్రింగు చప్పుడు విన్నది. కొత్తామె ఆమె వేళ్ళవైపే చూస్తోంది.

"చెప్పకూడదమ్మా" అంది బొటనమ్మ, మూత తిరిగిస్తూ. "రాకపోతే రాలేదని బకెట్లో వెయ్యి."

"నాది చేతకానితనమేమో?"

"అలా అనుకోకు. వెయ్యి."

ఆమె వెళ్ళి కుర్చీలో కూచుంది. ఇంకోసారి ప్రయత్నించింది, ఆగింది, కాళ్ళ దగ్గరికి వంగింది. మూత బకెట్లో పడ్డ చప్పుడు విన్నాక బొటనమ్మ కత్తి అందుకుని తర్వాతి అంచు గీకడం మొదలుపెట్టింది.