శ్యామల గారి చెవి

నరసాపురంలో శ్యామల గారు కంప్యూటర్ ముందు కూర్చుని ఆన్‌లైన్‌లో పిల్లలకు సంగీతం చెప్పేవారు. ఆవిడ కోసం భర్త హనుమంతరావు స్పీకర్లు కొన్నాడు. తమకు అందే ధరలో రెండు రకాలుంటే, గది అదిరేలా మోగేవే మంచివనుకుని పెద్దవి తెచ్చాడు.

"పిల్లల గొంతులు ముద్దముద్దగా వస్తున్నాయండీ. అపశ్రుతి ఎక్కడ పడుతోందో తెలియట్లేదు," అన్నారావిడ.

"స్పీకర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. నీ చెవే మందగించిందేమో," అనేశాడు.

తప్పు దిద్దలేనప్పుడు పాఠం ఎందుకని, ఆవిడ కొన్నాళ్లకు పిల్లలందరినీ భీమవరంలో మరో టీచరుకి అప్పగించేశారు.

ఏడాది తర్వాత మేనల్లుడికి స్పీకర్లు కొనడానికి వెళ్లినప్పుడు హనుమంతరావు పాట పెట్టించి విన్నాడు. అదే ధరకొచ్చే చిన్న జతలో గమకాలు కూడా విడివిడిగా తెలిశాయి. ఇంటికీ ఒక జత తెచ్చి, పాత శిష్యురాలు పంపిన పాట పెట్టాడు.

"పై షడ్జం దగ్గర శ్రుతి కాస్త తగ్గింది," అన్నారు శ్యామల గారు వెంటనే.

"పిల్లల్ని మళ్లీ పిలుద్దామా?"

"అక్కడ అలవాటు పడ్డారండీ. ఇప్పుడు కదపకూడదు," అంటూ ఆవిడ కాఫీ పెట్టడానికి లేచారు. పాట ఆపడానికి చెయ్యి రాక హనుమంతరావు అలాగే కూర్చుండిపోయాడు.