కరుణ పుట్టిన తేదీ

నా పుట్టినరోజున అమ్మ నాకు కొత్త గౌను తొడిగి, తను మాత్రం పచ్చి మంచినీళ్ళైనా తాగకుండా మా సొంతూరికి ఎందుకు వెళ్ళిపోయేది? నలభై దాటినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అడుగుదామనుకునేలోపే అమ్మా నాన్నా పోయారు. మొన్న నవంబరులో చేసిన ప్రయాణం మాత్రం ఆ జవాబు కోసం కాదు. జర్మనీలో ఒక విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఉండాలంటే దీర్ఘకాల వీసా కావాలి, దానికి జనన ధ్రువపత్రం కావాలి. నా పుట్టుక పంచాయతీలో నమోదు కాలేదు. నేను పుట్టడం ఎరిగిన ఇద్దరు పెద్దవాళ్ళు అఫిడవిట్ మీద సంతకం చేస్తే ఇస్తామన్నారు. నాన్న స్నేహితుడొకాయన చదవకుండానే ఒక సంతకం పెట్టేశారు. రెండోది సువార్తమ్మ పెద్దమ్మ పెట్టాలి. మా ఊరి చర్చి తరపున ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే బైబిల్ ఉమన్‌గా చేస్తూ, ఊళ్ళో సగం కాన్పులు దగ్గరుండి చూసిన మనిషి.

పొద్దున్నే నల్లపాడులో రైలు దిగి, ఆటోలో గుంటూరు బస్టాండుకొచ్చి చిలకలూరిపేట బస్సెక్కాను. పల్లెవెలుగులో ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే చాలు, డబ్బులు కట్టక్కర్లేదు. కండక్టరు కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. "మీరేనాండీ?" అన్నాడు. ఫొటో పాతదన్నాను. పేట నుంచి ఊరికి షేర్ ఆటో, నలభై రూపాయలు. దారికి రెండు వైపులా పత్తి విచ్చుకుని ఉంది, ఏరేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. గాలి కూడా లేదు.

"ఇంత పత్తి పెట్టుకుని ఎవరూ లేరేంటి?" అని డ్రైవర్ని అడిగాను.

"రేపు సమాధుల పండగ కదండీ. మీవాళ్ళంతా సున్నాలేస్తా అక్కడే ఉంటారు. ఊళ్ళోకెళ్తే కుక్కలు తప్ప పలకరించేవాళ్ళు లేరు. తోట కాడే దింపనా?"

మా సమాధుల తోటకీ పత్తిచేనుకీ మధ్య కంచె లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ తెలుపు ఎక్కడ ఆగి ఈ తెలుపు ఎక్కడ మొదలైందో తెలియలేదు. జనమంతా అవతలి కొసన ఉన్నారు. ఇవతల పెద్దమ్మ ఒక్కతే, నాకు వీపు పెట్టి, ఒక చిన్న సమాధికి కుంచెతో సున్నం పూస్తోంది. "కరుణా, కళ్ళు మూసుకో తల్లీ, సున్నం పడుద్ది" అంటోంది.

"వచ్చాను పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ తిరగలేదు. "నిన్ను కాదే" అంది.

తడి సున్నం కింద నా పేరుంది. నాన్న పేరుంది. నా పాస్‌పోర్టులో ఉన్న పుట్టిన తేదీయే ఉంది. దాని కింద ఇంకో తేదీ ఉంది.

"మీ అక్క. ఏడాది నిండకుండా జ్వరానికి పోయింది. నువ్వు పుట్టగానే మీ అమ్మ, కరుణ తిరిగొచ్చిందంది. ఇంకో పేరు పెట్టనిచ్చిందా? బళ్ళో వేసేప్పుడు నీకు కాయితం లేదు, దానికి బాప్తిస్మం కాయితం ఉంది. మీ నాన్న అదే పట్టుకుపోయాడు. ఏటా ఆ రోజున మీ అమ్మ వచ్చి, ఇక్కడ పాయసం పెట్టి, తను తినకుండా పోయేది."

"మరి నేనెప్పుడు పుట్టాను?"

"మిరప నారు పోసే రోజులు. ఒకటే వాన. ఏ ఏడో నాకేం గుర్తే! లాంతరు ఆరిపోయింది, చీకట్లో నిన్ను తడిమి పట్టుకున్నా."

అఫిడవిట్ మడిచి సంచిలో పెట్టబోయాను. "ఇంక నువ్వు సంతకం పెట్టకూడదులే పెద్దమ్మా."

"ఎందుకు పెట్టకూడదు? వాళ్ళ కూతురు కరుణ ఆ రోజు పుట్టిందనేగా రాశావు? పుట్టింది. నా చేతుల్లోనే. దేవుడి ముందైనా చెప్తా." కాగితం లాక్కుని సంతకం చేసింది. అంచున సున్నపు వేలిముద్రలు పడ్డాయి. "కానీ ఈ కాయితంతో నువ్వు దాన్ని కూడా తీసుకుపోతున్నావే. వచ్చే ఏడు ఎవరున్నారని సున్నం వెయ్యను?"

గట్టు దాటుతుంటే వెనక నుంచి, "కరుణా, జాగ్రత్తమ్మా" అని వినిపించింది. ఎవరితో అందో నాకు తెలియదు.

ఇలాంటి వీసాకి సిద్ధమయ్యేవాళ్ళు జనన పత్రం పనిని అన్నిటికంటే ముందు, ఎరిగినవాళ్ళు బతికుండగానే మొదలుపెట్టండి. మా వైపు ఊళ్ళైతే పండగ ముందురోజు వెళ్తే పెద్దవాళ్ళంతా ఒకేచోట దొరుకుతారు. తిరుగు ఆటోలు సాయంత్రం ఐదు దాటితే ఉండవు. నా అఫిడవిట్ ఇంకా బల్ల మీదే ఉంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, అది నా గురించి మాత్రం కాదు. పత్రాలన్నీ దిద్దించుకుంటూ కూర్చుంటే ఉద్యోగం నాకోసం ఆగదు. ఇచ్చేస్తే నాకున్న ఒక్క అక్కనీ చెరిపేసినట్టో, వెంట తీసుకెళ్ళినట్టో అర్థం కావడం లేదు. ఇవ్వాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు.