కంచం మీద చెయ్యి

"వాడికేం తెలుసత్తయ్యా, తినకపోతే నీరసపడిపోడూ?"

"వద్దని చూపిస్తున్నాడు, నీకు కళ్లు కనపడవా?"

నాకూ నా కోడలికీ మధ్య ఆఖరి మాటలవే. మళ్లీ పలకరించలేదు, పలకరించను. నా మనవడికి మాటలు రావు. ఈ జెర్సీ సిటీ స్కూల్లో వాడికి బొమ్మల కార్డులిచ్చారు. అరచెయ్యి బొమ్మ ఉన్న ఎర్రకార్డు తీస్తే వద్దని అర్థం. వాడు దాన్ని ఎత్తి పట్టుకుంటే, ఆ మహాతల్లి పక్కకు నెట్టేసి పప్పన్నం ముద్ద నోట్లో కుక్కింది.

ఆ చెయ్యి బొమ్మ చూస్తే చిన్నప్పటి మా తమ్ముడు బాబ్జీ గుర్తొచ్చాడు. వాడికీ మాటల్లేవు. అన్నం చాలితే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. మన ఇళ్లలో చెయ్యి అడ్డం పెడితే మొహమాటమనుకుని ఇంకాస్త వడ్డిస్తారు కదా, అమ్మ కూడా వాడి వేళ్ల మీదుగానే చేపల పులుసు పోసేది. వాడు కేకలు పెడితే, ఇంకా అడుగుతున్నాడనుకుని నేను గిన్నె అందించేదాన్ని. పులుసు వాసన వస్తే చాలు, మంచం కిందికి దూరేవాడు. అదీ ఆటే అనుకున్నాం. బతికినన్నాళ్లూ వాడు వద్దన్నది ఎవరూ మానలేదు.

ఈ పిల్లాడి చేతికి ఒక మాట దొరికింది. దాన్ని ఈ ఇంట్లో ఎవరూ లాక్కోవడానికి వీల్లేదు.

నేను చెప్పిందంతా రాశావా అమ్మాయ్? ఏదీ, చదువు. గట్టిగా చదువు, మీ వదిన వంటింట్లోనే ఉంది.